నూకాలు ఇవ్వని నిప్పు

అనగనగా ఒక అడవిలో చలి కాపురం పెట్టింది. మిగతా అడవుల్లోకి చలి చుట్టంలా వచ్చి నాలుగు రోజులుండి పోయేది. ఈ అడవికి వచ్చిందంటే మాత్రం కదిలేది కాదు. పిల్లలూ, ఇంకాస్త దగ్గరకు జరగండి. ఇది కొంచెం భయం వేసే కథ.

ఆ అడవి కొండల మీద ఉంది. ఒకప్పుడు అక్కడ పనులకు కొదవ లేదు. కుంకుళ్ళు కొట్టే పని ఉండేది. విస్తళ్ళకు అడ్డాకులు కుట్టే పని ఉండేది. చింతపండులో గింజ తీసే పని ఉండేది. ఎవరికి చేతనైనది వాళ్ళు చేసుకుని బతికేవారు. ఒక ఏడాది పెద్ద గాలివాన వచ్చింది. చింతచెట్లూ కుంకుడుచెట్లూ వేళ్ళతో సహా లేచిపోయాయి. అడ్డతీగలు బురదలో కుళ్ళిపోయాయి. ఇళ్ళల్లో పొయ్యిలు నీళ్ళు నిండి ఆరిపోయాయి.

ఆ జంతువులకు నిప్పు రాజేయడం రాదు. వాళ్ళ తాతమ్మల కాలంలో ఒక మాను మీద పిడుగు పడింది. ఆ నిప్పునే ఇంటింటా ఆరకుండా కాపాడుకుంటూ వచ్చారు. గాలివానకు ఆరకుండా మిగిలింది ఒక్కచోటే. అది కొండ పైన దుమ్ములగొండి గుహ. గుహలోకి నీళ్ళు రాలేదు, అంతే. అందులో దుమ్ములగొండి గొప్పేమీ లేదు. అయినా మర్నాటి నుంచి అతను "నా నిప్పు" అనడం మొదలుపెట్టాడు. మిగతా అందరూ అతన్ని "దొర" అనడం మొదలుపెట్టారు.

దొర అందరికీ ఒక పని చూపించాడు. పగలంతా ఎండుపుల్లలు ఏరి, మోపు కట్టి, గుహకు మోయాలి. పొద్దుగూకే వేళకు కూలి ఇస్తాడు. కూలి అంటే ఒక పిడత నిండా నిప్పులు. ఆ నిప్పుతోనే వంట. ఆ నిప్పుతోనే వెచ్చదనం. అడవిలో ఇంకో పని లేదు. ఇంకో నిప్పు లేదు.

పుల్లలు ఏరి మోసేది ఆడవాళ్ళు. కూలి పిడత మాత్రం ఇంటిపెద్ద చేతికే ఇచ్చేవారు. ఇంటిపెద్ద అంటే మగవాడని ఎవరు చెప్పారో తెలీదు. మగవాళ్ళే చెప్పి ఉంటారు. రోజూ సాయంత్రం గుహ ముందు వరసలో నిలబడడం వాళ్ళ పని. అది ఎంత కష్టమో ఇంటికొచ్చి చెప్పి నడుము పట్టించుకునేవారు. దారిలో గొడుగుబండ అని ఒక పెద్ద రాయి ఉండేది. దాని కింద ఆగి, పిడతలు కుమ్మరించి కాళ్ళు కాచుకుంటూ, లోకం ఎలా చెడిపోతోందో మాట్లాడుకునేవారు. ఆ తర్వాత మిగిలింది ఎత్తుకుని ఇంటికి వచ్చేవారు. పిడతలో సగం బూడిదే ఉండేది.

ఆ అడవిలో నూకాలు అనే ముళ్ళపంది ఉండేది. పుల్లలు ఏరడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె మొగుడి పేరు సన్నాసి. వాళ్ళకు గంగ అని ఒక కూతురు. పక్క బొరియలో పారమ్మ అనే కుందేలు ఉండేది. ఆమె మొగుడు గాలివానలో పోయాడు. ఆమెకు సీతాలు అని ఒక కూతురు. పారమ్మ అందరితో సమానంగా మోసేది గానీ కూలి సగం పిడతే.

"మగదిక్కు లేని ఇల్లు సగం ఇల్లే కదా," అనేవాడు మేస్త్రీ నెమలి.

ఈ నెమలి దొర దగ్గర మేస్త్రీ. ఎత్తైన బండ మీద కూర్చుని ఎవరి ఇంటి నుంచి పొగ వస్తోందో, ఎవరి ఇంటి నుంచి రావడం లేదో చూసి దొరకు చెప్పేవాడు. తోక బరువుకి వేరే పని చేయలేనని అతనే చెప్పుకునేవాడు.

మొదటి చలికాలం వచ్చింది. నెమలి బండ మీద నిలబడి, "మీరు తెచ్చే పుల్లల్లో తేమ ఎక్కువగా ఉంది. ఇక మీదట పిడత మెడ దాకానే," అన్నాడు. అందరూ తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

రెండో చలికాలం వచ్చింది. "గాలి ఎక్కువైంది. గుహలో నిప్పు నిలబెట్టడానికి దొరకు ఖర్చు పెరిగింది. ఇక మీదట పిడత నడుం దాకానే," అన్నాడు నెమలి.

"గాలి మా ఇళ్ళ మీద వీయడం లేదా మేస్త్రీ?" అని అడిగింది ఎర్నమ్మ. ఎర్నమ్మ ముసలి ఉడుము. చలికి ఒళ్ళు బిగుసుకుపోయేది గానీ నోరు మాత్రం బిగుసుకునేది కాదు.

"ఇష్టం లేనివాళ్ళు మానేయొచ్చు," అన్నాడు నెమలి.

ఆ మాటతో ఎర్నమ్మ కూడా మోపు ఎత్తుకుంది.

మూడో చలికాలం వచ్చింది. పిడత అడుగున ఒక గుప్పెడు నిప్పులు పడ్డాయి. ఈసారి నెమలి కారణం కూడా చెప్పలేదు. పైన గుహలోంచి దొర నవ్వాడు. దుమ్ములగొండి నవ్వు మీరెవరూ విని ఉండరు. వినకపోవడమే మంచిది. ఆ నవ్వు వింటే పాలు తాగుతున్న పిల్లలు తాగడం ఆపేవారు.

గుప్పెడు నిప్పులు తెల్లారేదాకా ఉండవు. ఒక ఇంట్లో ఉంటే ఇంకో ఇంట్లో ఆరిపోయేవి. అయితే ఆ అడవిలో పాత ఆనవాయితీ ఒకటి ఉంది. పొయ్యి ఆరిన ఇల్లాలు పెంకు పట్టుకుని పక్కింటికి వెళ్తుంది. పక్కింటావిడ ఒక నిప్పుకణిక ఆ పెంకులో వేస్తుంది. లెక్కా లేదు, మాటా లేదు. కవ్వం అడిగినట్టు, జల్లెడ అడిగినట్టు.

నెమలి బండ మీద కూర్చుని ఇది చూశాడు. పిడత అడుగు దాటకపోయినా పొగలు మాత్రం తగ్గడం లేదు. దొరకు చెప్పాడు. దొర ఒక ఉపాయం ఆలోచించాడు. మర్నాడు నెమలి గొడుగుబండ దగ్గర మగవాళ్ళతో మెల్లగా అన్నాడు.

"మీ ఇళ్ళకు ఈ మధ్య కలిసిరాకపోవడానికి కారణం ఏమిటో తెలుసా? దీపాల వేళ దాటాక ఇంట్లో నిప్పు బయటికి ఇస్తున్నారు. నిప్పుతో పాటు ఇంటి కళ కూడా గడప దాటిపోతుంది. ఇది పెద్దల నాటి శాస్త్రం. కళ పోయిన ఇంటివాళ్ళను దొర పనిలో పెట్టుకోడు. ఆ దరిద్రం గుహకు తగులుతుందని ఆయన భయం."

నిన్న పుట్టిన శాస్త్రం సాయంత్రానికి పెద్దల నాటిదైపోయింది. మగవాళ్ళు అదే మాట ఇంటికి మోసుకెళ్ళారు. మోపులు మోయకపోయినా ఇలాంటివి బాగా మోసేవారు.

ఇందులో కిటుకు చూశారా పిల్లలూ? కూలి ఇచ్చేదే పొద్దుగూకాక. ఇంటికి నిప్పు వచ్చేసరికే దీపాల వేళ దాటిపోతుంది. దాటాక ఇవ్వకూడదంటే ఇక ఎప్పుడూ ఇవ్వకూడదనే. ఆ మాట ఎవరికీ తట్టలేదు. పని పోతుందన్న భయం బుర్రలో కూర్చుంటే ఇంకో ఆలోచనకు చోటుండదు.

ఒక సాయంత్రం మంచు ముందే దిగింది. పారమ్మ సగం పిడతలో అసలే తక్కువ నిప్పులు. అవి దారిలోనే ఆరిపోయాయి. ఆమె పెంకు పట్టుకుని నూకాలు గడపలోకి వచ్చింది.

"అక్కా, ఒక్క కణిక పెట్టు. సీతాలు కాళ్ళు కర్రల్లా అయిపోయాయి. ఎంత రుద్దినా వేడెక్కడం లేదు."

నూకాలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు ఉంది. పక్కన గంగ ముడుచుకుని పడుకుంది. వెనక నుంచి సన్నాసి గొణిగాడు. "దీపాల వేళ దాటింది. తెలుసు కదా. రేపు నీ పని పోతే మనం ఏం తినాలి?"

నూకాలు గడపకూ పొయ్యికీ మధ్య వీపు అడ్డం పెట్టింది. పారమ్మ మొహం చూడలేదు.

"మాది కూడా ఇందాకే ఆరిపోయింది పారమ్మా," అంది.

పారమ్మ ఆమె ముళ్ళ వంక చూసింది. "అలాగా అక్కా," అని వెళ్ళిపోయింది.

ఇంకో ఇంటికి వెళ్ళింది. అక్కడా ఆరిపోయిందన్నారు. ఎర్నమ్మ ఇంటికి వెళ్ళింది. అక్కడ నిజంగానే ఆరిపోయింది. ఇక పారమ్మకు ఒక్క దారే మిగిలింది. అది కొండ మీదకు వెళ్ళే దారి.

గుహ ముందు దొర కూర్చుని ఉన్నాడు. పారమ్మ చెప్పిందంతా ఎంతో ఓపికగా విన్నాడు.

"నీకు నిండు పిడత ఇస్తాను," అన్నాడు. "రోజూ ఇస్తాను. లోపల నిప్పు ఊదడానికి ఒక పిల్ల కావాలి. చిన్న పిల్లయితే మూలల్లోకి కూడా దూరుతుంది. నీ పిల్లను తీసుకురా. ఇక్కడ ఎంత వెచ్చగా ఉంటుందో."

పారమ్మ ఏం చెప్పింది అని అడగకండి. ఆమె కూతురు చలికి చచ్చిపోతోంది. ఆమె ఏం చెప్పగలదు?

తెల్లారి నూకాలు పుల్లలకు బయలుదేరింది. పక్క బొరియలోంచి పొగ వస్తోంది. హమ్మయ్య అనుకుంది. తర్వాత చూసింది. పారమ్మ ఒక్కతే బయటికి వచ్చింది. రోజూ తల్లి వెనకే గెంతుకుంటూ వచ్చే సీతాలు లేదు.

"పిల్ల ఏది?" అని అడిగింది ఎర్నమ్మ.

"పనిలో పెట్టాను," అంది పారమ్మ. అంటూనే తాడు భుజాన వేసుకుని ముందుకు నడిచింది.

ఆ రోజు మోపు దించేటప్పుడు నూకాలు గుహలోకి తొంగి చూసింది. లోపల ఎర్రటి వెలుగు. ఆ వెలుగు ముందు ఒక చిన్న నీడ. పొడవైన గొట్టం పట్టుకుని ఊదుతోంది. ఆగకుండా ఊదుతోంది. నీడ ఆగినప్పుడల్లా లోపలి నుంచి ఆ నవ్వు వినిపించేది. వెంటనే నీడ మళ్ళీ ఊదేది.

నూకాలు ఆ రాత్రి గంగను దగ్గరకు లాక్కుని పడుకుంది. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ గొట్టమే కనిపించేది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం సన్నాసి గొడుగుబండ దగ్గర ఎప్పటికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. పిడత ఇంటికి వచ్చేసరికి అందులో ఒకటే కణిక మిగిలింది. ఒంటరి కణికను ఎంత ఊదినా నిలవదు. నూకాలు చూస్తుండగానే అది నల్లబడిపోయింది.

పొగ రాలేదు. పైన బండ మీద నెమలి మెడ సాచి చూశాడు. కాసేపట్లో గడపలో వాలాడు.

"అయ్యో, మీది కూడా ఆరిపోయిందా?" అన్నాడు. "దొర మంచి మనసున్నవాడు. ఒక్క పిల్ల వల్ల కావడం లేదంటున్నారు. మీ గంగను రేపు పంపండి. నిండు పిడత ఇస్తారు."

సన్నాసి నేల చూశాడు. "ఆలోచించి చెబుతాం మేస్త్రీ," అన్నాడు.

నెమలి వెళ్ళగానే నూకాలు లేచింది. "ఏం ఆలోచిస్తావు?"

"నేనేం అన్నానని?"

"అదే అడుగుతున్నాను. ఏమీ అనలేదు. గొడుగుబండ కింద లోకాన్ని బాగుచేసే నోరు కదా నీది. ఇప్పుడేమైంది?"

నూకాలు పెంకు తీసుకుని బయటికి నడిచింది. ఆమె వెళ్ళాల్సిన గడప పక్కనే ఉంది. అంత చిన్న దూరం నడవడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

పారమ్మ నిండు పొయ్యి ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. నూకాలును చూసింది. పెంకును చూసింది.

"పారమ్మా, ఆ వేళ మా పొయ్యిలో నిప్పు ఉంది," అంది నూకాలు.

"తెలుసు," అంది పారమ్మ. "అప్పుడు నీ ముళ్ళ మీద వెలుగు ఆడింది. చీకట్లో ముళ్ళు అలా మెరవవు."

"తెలిసీ నన్ను ఒక్క మాట కూడా అనలేదు."

"నీ చోట నేనుంటే నేనూ అదే చేసేదాన్నేమో అనిపించింది. చలి కంటే ఆ ఆలోచనకే ఎక్కువ భయం వేసింది." పారమ్మ పొయ్యిని కెలికింది. "గంగను అడిగారా?"

"రేపు పంపమన్నారు."

"పంపకు," అంది పారమ్మ. "నిండు పిడత నిజంగానే ఇస్తారు. ఇంటికి తెచ్చుకుని దాని ముందు కూర్చుంటాను. నాకు చలి మాత్రం తగ్గలేదు అక్కా."

పెంకు తీసుకుని దాని నిండా నిప్పుకణికలు ఎత్తి పోసింది.

"దీపాల వేళ దాటింది," అంది నూకాలు.

"నా ఇంటి నుంచి పోవడానికి ఇంకేం మిగిలింది?" అంది పారమ్మ.

అప్పుడు నూకాలు ఆ పెంకును ఇంటికి తీసుకెళ్ళలేదు. "ఇది నా బొరియలో పెడితే రేపటికి మళ్ళీ ఆరుతుంది. నీది నీ బొరియలో, ఎర్నమ్మత్తది ఆమె బొరియలో. విడివిడిగా పెట్టుకుని విడివిడిగా ఆర్పుకుంటున్నాం. అన్నీ ఒకచోట పెడదాం," అంది.

ఇద్దరూ ఇంటింటికీ వెళ్ళారు. ఒకావిడ తలుపు తీయలేదు. ఒకావిడ ఏడ్చి, తర్వాత పిడత పట్టుకుని వచ్చింది. ఎర్నమ్మ ఖాళీ చేతులతో వచ్చింది. "నా దగ్గర నిప్పు లేదు. నోరు ఉంది, ఊదుతాను," అంది.

గొడుగుబండ కింద అందరి కణికలూ ఒక్కచోట పోశారు. ఇంకా అక్కడే కూర్చున్న మగవాళ్ళు జరిగి చోటివ్వాల్సి వచ్చింది. కణికకు కణిక తోడై మంట లేచింది. అంత మంట ఆ అడవిలో గాలివాన తర్వాత ఎవరూ చూడలేదు. తెల్లారి నెమలి బండ ఎక్కి చూస్తే ఒకటే పొగ. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఎవరిది ఎవరు తీసుకున్నారో చెప్పడానికి లేదు. అతను ఎగిరి వచ్చాడు.

"ఏం చేశారో తెలుసా? అన్ని ఇళ్ళ కళా పోయింది."

"పోతూ ఎటు వెళ్ళిందో చూశావా మేస్త్రీ?" అంది ఎర్నమ్మ. "నీ తోకలోకి వెళ్ళినట్టుంది, మెరిసిపోతోంది. చూసుకో, నిప్పు దగ్గర నిలబడ్డావు."

నెమలి తోక దగ్గరకు లాక్కున్నాడు. "మోపులు వేళకు రాకపోతే దొర ఊరుకోడు," అని ఎగిరిపోయాడు.

అప్పుడు ఒక అడవిపిల్లి అంది. "మనమెందుకు మోయాలి? ఏరేది మనం. మన పుల్లలు మన పొయ్యిలోనే పెట్టుకుందాం. పుల్ల పడకపోతే గుహలో నిప్పు సాయంత్రానికి ఆరిపోతుంది."

అందరికీ ఆ మాట నచ్చింది. పారమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"నా పిల్ల లోపల ఉంది," అంది. "నిప్పు ఆరితే దొర ముందు ఎవరి మీద పడతాడు?"

ఆ అడవిపిల్లి తల దించుకుంది. నూకాలు లేచింది.

"ఆరేదాకా ఆగొద్దు. పుల్లలు ఏరగానే వెళ్దాం. మోపులు ఎత్తుకునే వెళ్దాం. కానీ గుహ ముందు ఆగుదాం. ముందు నేను ఉంటాను."

ఎందుకు ముందు ఉంటానందో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

మోపులు కట్టి కొండ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. వెనక మగవాళ్ళు కూడా వచ్చారు. బాగా వెనక వచ్చారు, కానీ వచ్చారు. గుహ ముందు అందరూ ఆగారు. తలల మీద మోపులు. లోపల నిప్పు అప్పటికే తగ్గింది. గొట్టం ఊదే చప్పుడు వినిపిస్తోంది. ఊదుతోంది, దగ్గుతోంది, మళ్ళీ ఊదుతోంది.

దొర బయటికి వచ్చాడు. "వేళ దాటింది. మోపులు వేయండి," అన్నాడు.

"పిల్ల బయటికి వచ్చాక వేస్తాం," అంది నూకాలు.

దొర నవ్వాడు. ఆ నవ్వుకు మోపులు కదిలాయి. ఒకరిద్దరు వెనక్కి అడుగు వేశారు. వెనక నిలబడ్డవాళ్ళు తగిలి ఆగిపోయారు. దొర పళ్ళు బయటపెట్టి నూకాలు మీదకు వచ్చాడు. నూకాలు అటు తిరిగింది. అవును, వీపు పెట్టింది. పారమ్మకు వెలుగు కనబడకుండా అడ్డం పెట్టిన వీపే అది. ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడిచాయి. దొర ముక్కుకు గుచ్చుకున్నాయి. అతను వెనక్కి గెంతాడు.

గుహలో ఎరుపు ఇంకా తగ్గింది. దొర అటు చూశాడు. అతనిది ముసలి ఒళ్ళు. చాలా ఏళ్ళుగా చలి ఎరగని ఒళ్ళు. లోపలి నుంచి చల్లటి గాలి అతని ఒంటికి తగిలింది. అప్పుడు దొర మొహంలో వాళ్ళు మొదటిసారి ఒకటి చూశారు. ఆ చలికాలాలన్నీ వాళ్ళ మొహాల్లో ఉన్న భయమే అది.

"మేస్త్రీ, వాళ్ళ దగ్గర ఒక మోపు లాక్కురా," అన్నాడు దొర.

నెమలి ఒక మోపు తాడు ముక్కుతో పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. జీవితంలో మొదటిసారి మోపు ఎంత బరువుంటుందో అతనికి తెలిసింది.

ఎరుపు నల్లబడుతోంది. దొర ఒకసారి గుహ వంక, ఒకసారి మోపుల వంక చూశాడు. చివరికి పక్కకు తప్పుకున్నాడు.

"పిల్లను పట్టుకుపోండి," అన్నాడు.

సీతాలు బయటికి వచ్చింది. మీసాలు కాలిపోయాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పారమ్మ దాన్ని పొదువుకుంది. వాళ్ళు మాట తప్పలేదు. ఒక మోపు గుహలో వేశారు. ఒక్కటే. మిగతావి వెనక్కి మోసుకుపోయారు. పెద్ద వానొస్తే గొడుగుబండ కింద మంట నిలవదు, అందుకే గుహ నిప్పును వదులుకోలేదు. ఇక మీదట పుల్లలు కావాలంటే నిండు పిడత ఇవ్వాలన్నారు. మోసిన చేతికే ఇవ్వాలన్నారు. మొగుడున్నా లేకపోయినా ఒకటే కొలత అన్నారు. దొర సరేనన్నాడు. అతను ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ప్రతి చలికాలం ముందూ కొలత తగ్గించాలని చూస్తాడు. ప్రతిసారీ వాళ్ళంతా కలిసి కొండ ఎక్కాల్సిందే. ప్రతిసారీ భయం వేస్తుంది.

ఆ సాయంత్రం గొడుగుబండ కింద అందరూ మంట చుట్టూ కూర్చున్నారు. నూకాలు సీతాలుకు చోటిచ్చింది. పిల్ల కాళ్ళు మంట వైపు చాపుకుంది. నోరు మాత్రం ఇంకా గుండ్రంగానే ఉంది. గొట్టం లేకపోయినా ఊదుతూనే ఉంది. తల్లి బుగ్గలు నిమిరితే కాసేపు ఆగేది, మళ్ళీ ఊదేది.

కొంతసేపటికి పిల్ల తలెత్తి నూకాలు వంక చూసింది.

"అత్తా, మా అమ్మ నిప్పు అడగడానికి వచ్చిన రోజు మీ గంగ వెచ్చగా పడుకుందా?"

నూకాలు అబద్ధం చెప్పలేకపోయింది. "పడుకుంది తల్లీ," అంది.

సీతాలు తల ఊపింది. కోపంగా ఏమీ లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. మళ్ళీ మంట వైపు తిరిగి ఊదడం మొదలుపెట్టింది. నూకాలు ఆ పిల్ల పక్కనే కూర్చుంది. ఊదడం ఆగేదాకా లేవకూడదనుకుంది. అది ఆగడానికి ఆ చలికాలమంతా పట్టింది.

నీతి: పక్కింటికి ఇవ్వని నిప్పు మన పొయ్యిలోనూ నిలవదు. ఇవ్వకూడదని ఎవరైనా శాస్త్రం చెబితే, దానివల్ల ఎవరి గుహ వెచ్చగా ఉంటుందో ముందు కనుక్కోవాలి.